మీ పనికి తగ్గ టూల్‌బార్, మీ కంటికి తగ్గ జూమ్: రైటర్, వర్డ్ వాడేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

"బిడ్డా, జర పెద్దగ జెయ్యి. నాకు కనవడ్తలేదు."

హన్మకొండలో మా టైపింగ్ సెంటర్‌లో ఈ మాట వినని రోజు ఉండదు. అర్జీయో, అఫిడవిటో, అద్దె కాగితమో టైపు చేయించుకోవడానికి పల్లెల నుంచి వచ్చినవాళ్లు కుర్చీ జరుపుకొని మానిటర్ వైపు వంగుతారు. వాళ్లకు పేరు, సర్వే నంబరు, గుంటలు సరిగ్గా పడ్డాయో లేదో కళ్లారా చూసుకోవాలని ఉంటుంది. ఒకసారి మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి ఆ మాట విని, మొత్తం సెలెక్ట్ చేసి అక్షరాల సైజు 12 నుంచి 18కి పెంచింది. పెద్దాయన తృప్తిగా చదువుకున్నాడు. అమ్మాయి అలాగే ప్రింట్ ఇచ్చేసింది. రెండు పేజీల కాగితం నాలుగు పేజీలైంది, సంతకం పెట్టే చోటు ఒక్కటే చివరి పేజీకి పోయింది.

తప్పు ఆ అమ్మాయిది కాదు. తెరమీద పెద్దగా చూపించడం వేరు, కాగితం మీద పెద్దగా అచ్చువేయడం వేరు అని ఎవరూ ఆమెకు చెప్పలేదు. టైపింగ్ నేర్పేచోట ఫాంటు మార్చడం, పట్టిక గీయడం చెప్తారు. తెరను సర్దుకోవడం మాత్రం ఎవరికి వాళ్లు తెలుసుకోవాల్సిందే అన్నట్టు వదిలేస్తారు. రోజుకు ఎనిమిది గంటలు ఆ తెర ముందు కూర్చునేవాళ్లకు అసలు ముందు నేర్పాల్సింది అదే అని నా నమ్మకం.

ఇక్కడ ముఖ్యంగా లిబ్రెఆఫీస్ రైటర్ గురించి చెప్తాను. ఇది వర్డ్ లాంటి టైపింగ్ ప్రోగ్రామే, ఉచితం, విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ ఒకేలా పనిచేస్తుంది, 2010లో ఓపెన్ఆఫీస్ నుంచి విడివడి అప్పటినుంచీ పెరుగుతూ వస్తోంది. మైక్రోసాఫ్ట్ వర్డ్ వాడేవాళ్లకు చివర్లో వేరుగా రాశాను. మెనూల పేర్లు ఇంగ్లిష్‌లో ఎలా కనిపిస్తాయో వాటినే తెలుగు అక్షరాల్లో పెట్టాను. వెర్షన్‌ను బట్టి ఒకటి రెండు పేర్లు అటూఇటూ కావచ్చు, చోటు మాత్రం అదే.

ముందు ఒక రోజు లెక్క

నేరుగా సెట్టింగుల్లోకి వెళ్లకండి. పక్కన ఒక తెల్లకాగితం పెట్టుకొని రోజంతా మామూలుగా పనిచేయండి. ఏ బటన్ నొక్కినా, ఏ మెనూలోకి వెళ్లినా దాని పేరు ముందు ఒక గీత గీయండి. సాయంత్రానికి మీ పని ఏమిటో ఆ కాగితం చెప్తుంది.

నా కాగితంలో ఎక్కువ గీతలు పడ్డవి ఇవి: సేవ్, ప్రింట్ ప్రివ్యూ, పేజ్ స్టైల్ (ఏ4 నుంచి లీగల్‌కు, లీగల్ నుంచి ఏ4కు మారుతూనే ఉంటాం), ఫైండ్ అండ్ రిప్లేస్, పట్టికలో వరుస చేర్చడం, లైన్ల మధ్య ఖాళీ, పీడీఎఫ్‌గా ఎగుమతి, పేజ్ విడ్త్ జూమ్. ఎనిమిదే. కానీ తెరమీద అప్పటికి యాభైకి పైగా బటన్ల బొమ్మలున్నాయి, ఈ ఎనిమిదింట్లో కొన్ని అందులో లేనే లేవు. పేజ్ స్టైల్ కోసం ప్రతిసారీ ఫార్మాట్ మెనూలోకి వెళ్లి వస్తున్నాను.

ఫైండ్ అండ్ రిప్లేస్‌కు మా దగ్గర అంత పని ఎందుకంటే, పాత నమూనా ఫైళ్లలో ఇంకా 'వరంగల్ అర్బన్ జిల్లా' అనే ఉంటుంది. 2021 ఆగస్టులో అర్బన్ హనుమకొండ జిల్లా అయింది, రూరల్ వరంగల్ జిల్లా అయింది. పాత నమూనా తెరిచిన ప్రతిసారీ ఇది మార్చాలి. అయితే 'రిప్లేస్ ఆల్' కొట్టేయకండి. పాత దస్తావేజును ప్రస్తావించిన చోట అప్పటి జిల్లా పేరు అలాగే ఉండాలి. ఒక్కొక్కటిగా చూసుకుంటూ మార్చాల్సిన పని కాబట్టే ఆ బటన్ చేతికి దగ్గరగా కావాలి.

మీ కాగితం నా కాగితంలా ఉండదు. యూనివర్సిటీ దగ్గర థీసిస్‌లు టైపు చేసేవాళ్లకు ఫుట్‌నోట్, విషయసూచిక ముందుంటాయి. పెండ్లి పత్రికలు చేసేవాళ్లకు బొమ్మలు, రంగులు. అందుకే నా జాబితాను అలాగే ఎత్తుకోవద్దు.

పాత అమరికను దాచుకోండి

రైటర్‌ను పూర్తిగా మూసేయండి. విండోస్‌లో మీ యూజర్ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో యాప్‌డేటా, అందులో రోమింగ్, అందులో లిబ్రెఆఫీస్, అందులో 4, అందులో 'యూజర్' అనే ఫోల్డర్ ఉంటుంది. యాప్‌డేటా మామూలుగా కనిపించదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూలోకి వెళ్లి దాచిన ఫైళ్లు చూపించమని టిక్ పెడితే కనిపిస్తుంది. ఆ 'యూజర్' ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. మీ టూల్‌బార్లు (తెరమీది బటన్ల వరుసలు), కీబోర్డు అమరిక అన్నీ అందులోనే ఉంటాయి. రేపు ఏదైనా తారుమారైతే ఈ ఫోల్డర్ తిరిగి అక్కడ పెడితే చాలు, ఉన్నది ఉన్నట్టు వచ్చేస్తుంది.

ఏ రూపం?

వ్యూ మెనూలో 'యూజర్ ఇంటర్‌ఫేస్' తెరిస్తే స్టాండర్డ్ టూల్‌బార్, ట్యాబ్డ్, సింగిల్ టూల్‌బార్, సైడ్‌బార్ వగైరా రూపాలు కనిపిస్తాయి. ట్యాబ్డ్ అంటే వర్డ్‌లోని రిబ్బన్ లాంటిది, ట్యాబుల కింద బటన్లు గుంపులుగా ఉండే పట్టీ. వర్డ్ నుంచి వచ్చినవాళ్లకు అది అలవాటైనదే. అయినా నా సలహా స్టాండర్డ్ టూల్‌బారే. రిబ్బన్ లాంటి రూపంలో ఒక బటన్ కోసం ముందు సరైన ట్యాబ్ నొక్కాలి, అంటే రెండు క్లిక్కులు. పైగా అది నిలువుగా ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఎంచుకున్నాక రైటర్‌కు మాత్రమే వర్తింపజేయాలా, మిగతా ప్రోగ్రాములకు కూడానా అని అడిగే రెండు బటన్లుంటాయి. రైటర్‌కు మాత్రమే అన్నది నొక్కండి.

నిలువు చోటు గురించి ఎందుకింత పట్టుబడుతున్నానో చెప్తాను. సెంటర్లలో ఇప్పటికీ ఎక్కువగా కనిపించేవి 1366×768 మానిటర్లు. నిలువునా ఉన్నవే 768 పిక్సెళ్లు, అంటే తెరమీది చుక్కలు. అందులో టైటిల్ పట్టీ, మెనూ, రెండు టూల్‌బార్లు, స్కేలు, కింద స్టేటస్ బార్, టాస్క్‌బార్ పోగా పేజీకి మిగిలేది సుమారు 550. నూరు శాతం జూమ్‌లో ఏ4 కాగితం ఎత్తు 1123 పిక్సెళ్లు, లీగల్ కాగితమైతే 1344. అంటే ఒకసారికి సగం పేజీ కూడా కనిపించదు. ఒక్కో టూల్‌బార్ వరుస దాదాపు ఒక తెలుగు లైనంత చోటు మింగుతుంది. మన అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి ఇంగ్లిష్ కన్నా లైను ఎత్తు ఎక్కువే. అక్కర్లేని టూల్‌బార్ ఒక్కటి తీసేస్తే ఒక లైను దక్కినట్టే.

అక్కర్లేనివి తీసేయడం

ఇది తేలిక. వ్యూ మెనూలో 'టూల్‌బార్స్' మీదికి వెళ్తే పెద్ద జాబితా వస్తుంది. టిక్ ఉన్నవి తెరమీద ఉన్నట్టు. స్టాండర్డ్, ఫార్మాటింగ్ ఈ రెండూ ఉంచి మిగతావి తీసేయండి.

తర్వాత టూల్‌బార్ మీద మౌస్ కుడి బటన్ నొక్కితే 'విజిబుల్ బటన్స్' వస్తుంది. అక్కడ ఒక్కో బటన్‌ను దాచొచ్చు. దాచడమంటే చెరిపేయడం కాదు. మళ్లీ టిక్ పెడితే వచ్చేస్తుంది కాబట్టి ధైర్యంగా దాచండి. మీ కాగితంలో ఒక్క గీత కూడా పడని బటన్ తెరమీద ఎందుకు?

కర్సర్ పట్టికలో పెట్టగానే పట్టిక టూల్‌బార్, బొమ్మ మీద నొక్కగానే బొమ్మల టూల్‌బార్ వాటంతటవే వస్తాయి. విసుగొచ్చి వాటిని మూసేస్తే తర్వాత అవి రావడం మానేస్తాయి. "అక్కా, టేబుల్‌ది కనవడ్తలేదు" అని పిలుపు వస్తే నేను ముందు చూసేది వ్యూ, టూల్‌బార్స్, టేబుల్. అక్కడ టిక్ పోయి ఉంటుంది.

సర్దడం అయ్యాక మళ్లీ కుడి బటన్ నొక్కి 'లాక్ టూల్‌బార్ పొజిషన్' ఎంచుకోండి. నలుగురి చేతులు పడే కంప్యూటర్‌లో ఇది తప్పనిసరి. లాక్ లేకపోతే ఎడమ అంచున ఉన్న చుక్కల పట్టీకి మౌస్ తగిలి టూల్‌బార్ ఊడి పేజీ మీదికి వచ్చేస్తుంది.

బొమ్మలు చిన్నగా ఉండి కళ్లు చికిలించాల్సి వస్తోందా? టూల్స్, ఆప్షన్స్, లిబ్రెఆఫీస్, వ్యూలో ఐకాన్ సైజు ఉంటుంది. టూల్‌బార్‌కు 'లార్జ్' పెట్టండి. బటన్లు తగ్గించుకున్నారు కాబట్టి పెద్ద బొమ్మలైనా ఒకే వరుసలో పడతాయి. నలభై దాటినవాళ్లకు ఈ ఒక్క మార్పుతోనే పని చాలా సుఖపడుతుంది.

మీ సొంత టూల్‌బార్

అసలైన పని ఇప్పుడు. ఉన్న టూల్‌బార్లలో ఇరికించడం కన్నా కొత్తది ఒకటి చేసుకుంటే మేలు. ఏది మీరు పెట్టుకున్నదో, ఏది ముందునుంచీ ఉన్నదో తికమక ఉండదు.

1. టూల్స్ మెనూలో 'కస్టమైజ్' తెరిచి, పైన 'టూల్‌బార్స్' ట్యాబ్‌లోకి వెళ్లండి.

2. కుడివైపు 'టార్గెట్' అన్నచోట ఇప్పుడున్న టూల్‌బార్ల పేర్లుంటాయి. దాని పక్కనున్న చిన్న బటన్ నొక్కి 'యాడ్' ఎంచుకోండి.

3. పేరు అడుగుతుంది. తెలుగులోనే పెట్టొచ్చు. నేను 'రోజువారీ' అని పెట్టుకున్నాను.

4. ఆ పెట్టెలోనే 'సేవ్ ఇన్' అని ఉంటుంది. ఇక్కడ ఆగి చూడండి. లిబ్రెఆఫీస్ రైటర్ అని ఎంచుకుంటే అన్ని ఫైళ్లకూ టూల్‌బార్ వస్తుంది. తెరిచి ఉన్న ఫైలు పేరు ఎంచుకుంటే ఆ ఒక్క ఫైలుకే వస్తుంది, వేరే ఫైలు తెరిస్తే కనిపించదు. "నిన్న చేసిన టూల్‌బార్ ఇయ్యాల మాయమైంది" అనేవాళ్లకు ఎక్కువగా జరిగింది ఇదే.

5. ఎడమవైపు కేటగిరీలో 'ఆల్ కమాండ్స్' పెట్టి, పైన వెతికే గడిలో కమాండ్ పేరులో ఒక ముక్క ఇంగ్లిష్‌లో కొట్టండి. జాబితా చిన్నదవుతుంది. కావలసింది ఎంచుకొని మధ్యలో ఉన్న కుడివైపు బాణం నొక్కితే మీ టూల్‌బార్‌లోకి వెళ్తుంది.

6. కుడి అంచున పైకి, కిందికి ఉన్న బాణాలతో వరుస సర్దండి. 'ఇన్సర్ట్'లో 'సెపరేటర్' ఎంచుకుంటే బటన్ల మధ్య సన్నని గీత వస్తుంది. దాన్ని తప్పక వాడండి. కాగితానికి సంబంధించినవి ఒక గుంపు, పట్టికవి ఒక గుంపు, చూపుకు సంబంధించినవి ఒక గుంపు అని గీతలతో విడదీస్తే చేయి చూడకుండానే అటు వెళ్తుంది.

7. 'మాడిఫై'లో 'రీనేమ్'తో బటన్ పేరు తెలుగులోకి మార్చొచ్చు. తర్వాత రెండో మెట్టులోని చిన్న బటన్‌నే మళ్లీ నొక్కి, బొమ్మా పేరూ రెండూ కనిపించే 'ఐకాన్ అండ్ టెక్స్ట్' ఎంచుకోండి. ఓకే నొక్కండి.

ఈ ఏడో మెట్టు చిన్నదిగా అనిపిస్తుంది గానీ నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. 'పేజ్ స్టైల్' బదులు 'కాగితం సైజు', 'ఇన్సర్ట్ రోస్ బిలో' బదులు 'కింద వరుస', 'ఎక్స్‌పోర్ట్ యాజ్ పీడీఎఫ్' బదులు 'పీడీఎఫ్ తీయి' అని పెట్టాను. పదో తరగతి తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు రెండో రోజుకే బెరుకు లేకుండా పని మొదలుపెట్టారు. చిన్న బొమ్మలను గుర్తుపట్టడానికి వాళ్లు పడే అవస్థ అంతకుముందు నేను గమనించలేదు.

పది పన్నెండు బటన్లు దాటనివ్వకండి. దాటితే కుడి చివర చిన్న బాణం కిందికి కొన్ని దాక్కుంటాయి, మళ్లీ వెతుకులాటే. ఇక ఈ టూల్‌బార్‌లో ఉన్నవాటిని స్టాండర్డ్‌లో దాచేయండి. ఒకే బటన్ రెండు చోట్ల ఉంటే చేయి ఒక చోటికి అలవాటు పడదు.

కీబోర్డు మీదికి కొన్ని

కస్టమైజ్‌లోనే 'కీబోర్డ్' ట్యాబ్ ఉంది. పైన కీల జాబితా, కింద కమాండ్లు. ఖాళీగా ఉన్న కీని ఎంచుకొని, కింద కమాండ్ ఎంచుకొని, 'అసైన్' నొక్కాలి. పాత వెర్షన్లలో ఇదే బటన్ 'మాడిఫై' అని ఉంటుంది. బూడిద రంగులో ఉన్న కీలను మార్చడం కుదరదు. కేటగిరీలో 'స్టైల్స్' కూడా ఉంటాయి కాబట్టి మీరు తయారుచేసుకున్న పేరా స్టైల్‌కు ఒక కీ ఇవ్వొచ్చు. అర్జీ పైన రాసే చిరునామా స్టైల్‌కు ఒకటి, 'విషయం' లైనుకు ఒకటి నేను ఇచ్చుకున్నాను. పక్కన 'సేవ్' నొక్కితే ఈ కీల అమరిక ఒక ఫైలుగా వస్తుంది, ఇంకో కంప్యూటర్‌లో 'లోడ్' నొక్కి దాన్ని తెచ్చుకోవచ్చు.

అయిదారు కీలకన్నా ఎక్కువ పెట్టుకోవద్దు. గుర్తుండవు.

జూమ్: చూపు మాత్రమే మారుతుంది

మొదట చెప్పిన ప్రింట్ సంగతి ఇక్కడికి వస్తుంది. జూమ్ ఎంత పెట్టినా కాగితం మీద పడే అక్షరం సైజు మారదు. భూతద్దం పెట్టి చూసినంత మాత్రాన వరిగింజ పెద్దదవదు కదా. ఫాంట్ సైజు మారిస్తే కాగితమే మారుతుంది. కొత్తవాళ్లకు నేను మొదటి రోజే ఒక పని చేయిస్తాను. ఒకే పేజీని 60 శాతంలో ఒకసారి, 200 శాతంలో ఒకసారి ప్రింట్ తీయించి రెండు కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు పట్టి చూడమంటాను. అక్షరం మీద అక్షరం కూర్చుంటుంది. ఆ తర్వాత ఎవరూ పొరపడలేదు.

కంట్రోల్ కీ నొక్కి ఉండగా మౌస్ చక్రం తిరిగితే జూమ్ మారుతుంది. తెలియకుండా ఇది జరిగి, అక్షరాలు చిన్నవైపోయాయని కంగారుపడి ఫాంట్ పెంచేవాళ్లున్నారు. పేజీ హఠాత్తుగా చిన్నదో పెద్దదో అయితే ముందు కింద కుడి మూల శాతం ఎంతుందో చూడండి.

ఆ మూలే జూమ్‌కు అసలు చోటు. జారే గుండీని అటూఇటూ లాగొచ్చు. శాతం అంకె మీద కుడి బటన్ నొక్కితే చిన్న జాబితా వస్తుంది. అంకె మీదే మామూలుగా నొక్కితే పూర్తి పెట్టె తెరుచుకుంటుంది. అదే పెట్టె వ్యూ, జూమ్ మెనూ నుంచి కూడా వస్తుంది. అందులో ఎడమవైపు ఉండేవి ఇవి.

'ఆప్టిమల్' అంటే మార్జిన్లు వదిలి అక్షరాలున్న వెడల్పు మాత్రమే తెరనిండా. 'ఫిట్ విడ్త్ అండ్ హైట్' అంటే మొత్తం పేజీ ఒకేసారి. 'ఫిట్ విడ్త్' అంటే పేజీ వెడల్పు తెరనిండా. తర్వాత నూరు శాతం. చివరిది మీరే అంకె కొట్టేది. రైటర్‌లో 20 నుంచి 600 శాతం దాకా పోవచ్చు.

టైపు చేసేటప్పుడు ఫిట్ విడ్త్ పెట్టండి. అయితే కుడివైపు సైడ్‌బార్ తెరిచి ఉంటే పేజీకి చోటు బాగా తగ్గుతుంది. కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కితే అది పోతుంది, మళ్లీ నొక్కితే వస్తుంది. 1366 మానిటర్ మీద సైడ్‌బార్ తీసేస్తే ఏ4 పేజీ 160 శాతం దాటి కనిపిస్తుంది. సంతకం చోటు, పేరాల మధ్య ఖాళీ, మొత్తం పేజీ తీరు చూడాలంటే ఫిట్ విడ్త్ అండ్ హైట్. ఈ రెంటికీ నా 'రోజువారీ' టూల్‌బార్‌లో బటన్లున్నాయి. రోజంతా ఈ రెంటి మధ్యే తిరుగుతుంటాను.

మీ మానిటర్‌కు అసలు నూరు శాతం ఎంత?

నూరు శాతం అంటే కాగితం సైజే అనుకుంటాం. అలా ఉండాలనేమీ లేదు. కంప్యూటర్ అంగుళానికి 96 పిక్సెళ్లని లెక్కేసుకుంటుంది. మీ మానిటర్‌లో నిజంగా అంగుళానికి అన్ని లేకపోవచ్చు. ఉదాహరణకు 18.5 అంగుళాల 1366×768 మానిటర్‌లో అంగుళానికి సుమారు 85 పిక్సెళ్లే. అక్కడ నూరు శాతంలో ఏ4 పేజీ వెడల్పు 21 సెంటీమీటర్లు కాక దాదాపు 24 సెంటీమీటర్లు కనిపిస్తుంది. మీరు తెరమీద చూసి "ఈ అక్షరం చాలు" అనుకున్నది కాగితం మీద చిన్నదిగా పడుతుంది.

దీనికి ఒక ఏ4 కాగితం చాలు. దాన్ని తెరకు ఆనించి పట్టుకోండి. పేజీ అంచులు కాగితం అంచులతో కలిసేదాకా జూమ్ మార్చండి. పైన చెప్పిన మానిటర్ మీద అది 88 శాతం దగ్గర కలుస్తుంది. మీ తెరకు వచ్చిన అంకెను చీటీ మీద రాసి మానిటర్ అంచుకు అంటించండి. పెండ్లి పత్రిక, ఐడీ కార్డు, మెడికల్ షాపు కవర్ల మీద స్టిక్కర్ లాంటివి చేసేటప్పుడు ఆ శాతంలో చూపిస్తే వచ్చినవాళ్లకు చేతికి రాబోయేది ఎంత ఉంటుందో తెలుస్తుంది. పత్రిక అచ్చయ్యాక "అక్షరాలు ఇంత చిన్నగున్నయేంది" అనే మాట తప్పుతుంది.

దిద్దడానికి వేరే జూమ్

తెలుగులో తప్పులు చిన్న గీతల్లో, చుక్కల్లో దాక్కుంటాయి. ద, ధ, థ మూడింటికీ ఒళ్లు ఒకటే. ధకు కింద చిన్న గీత, థకు కడుపులో చుక్క. ర కడుపులో చుక్క పెడితే ఠ. డకు కింద గీత పెడితే ఢ. పకు కింద గీత పెడితే ఫ. 12 పాయింట్ల అక్షరం 80 శాతం జూమ్‌లో ఉంటే ఆ చుక్కకు ఒకటి రెండు పిక్సెళ్లకు మించి దక్కవు. కన్ను తనకు తెలిసిన మాటనే చదివేసుకొని పోతుంది.

నా చేతుల మీదే ఇలా జరిగింది. ఒకావిడ పేరు రాధమ్మ. నేను రాథమ్మ అని కొట్టాను. చదివాను, ఆవిడ కొడుకు చదివాడు, ఇద్దరికీ కనపడలేదు. నోటరీ అయ్యాక ఆధార్‌తో పోల్చి చూసినప్పుడు బయటపడింది. మళ్లీ స్టాంపు కాగితం, మళ్లీ ఊరి నుంచి బస్సు చార్జీలు. ఆ రోజు నుంచి దిద్దడం 180 శాతానికి తక్కువ చేయను.

పద్ధతి ఇది. టైపు అయ్యాక జూమ్ 180 పెట్టండి. పేర్లు, ఇంటిపేర్లు, ఊరి పేర్లు, అంకెలు మాత్రమే ఒక సారి. 3, 8 విడిగా చూడండి. '2 ఎకరాల 13 గుంటలు' 18 గుంటలైతే ఎంత గొడవో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ తర్వాత మానిటర్‌ను కాగితం యజమాని వైపు తిప్పండి. చదవడం వచ్చినవాళ్లయితే వాళ్లే చదువుకుంటారు. రానివాళ్లకు ప్రతి పేరునూ మౌస్‌తో చూపిస్తూ మెల్లగా చదివి వినిపించండి. చివరగా మొత్తం పేజీ జూమ్‌లోకి వచ్చి ఆకారం చూసి, కంట్రోల్, షిఫ్ట్, ఓ కలిపి నొక్కి ప్రింట్ ప్రివ్యూ చూసి, అప్పుడు ప్రింట్.

కంట్రోల్, ఎఫ్10 నొక్కితే ఖాళీలు చుక్కలుగా, పేరా చివర్లు గుర్తులుగా కనిపిస్తాయి. అంతా ఎంటర్లు కొట్టి కిందికి దింపిన పాత ఫైళ్లు ఈ చూపులో వెంటనే పట్టుబడతాయి. గుర్తులు ప్రింట్ కావు, భయపడొద్దు.

పేజీల అమరిక

జూమ్ పెట్టెలో కుడివైపు 'వ్యూ లేఅవుట్' ఉంటుంది. 'సింగిల్ పేజ్' అంటే ఒకదాని కింద ఒకటి. 'కాలమ్స్' అంటే పక్కపక్కన మీరు చెప్పినన్ని. 'బుక్ మోడ్' అంటే మొదటి పేజీ కుడివైపు మొదలై, తర్వాత పుస్తకం విప్పినట్టు ఎడమ కుడి జతలుగా. సావనీర్లు, చిన్న పుస్తకాలు చేసేవాళ్లకు బుక్ మోడ్ లేకుండా మార్జిన్లు సరిచూడటం కష్టం. స్టేటస్ బార్‌లో జూమ్ పక్కనున్న మూడు చిన్న బొమ్మలు ఇవే.

పొడవైన ఫైలుకు మాత్రం ఒక మంచి మార్గం చెప్తాను. విండో మెనూలో 'న్యూ విండో' నొక్కితే అదే ఫైలు రెండో కిటికీలో తెరుచుకుంటుంది. ఒకదానిలో మొత్తం పేజీ, ఇంకోదానిలో 180 శాతం పెట్టుకోండి. ఒకచోట దిద్దితే రెండోచోట అప్పటికప్పుడే మారుతుంది. ఫైలు ఒక్కటే, చూపులు రెండు.

మైక్రోసాఫ్ట్ వర్డ్ వాడేవాళ్లకు

వర్డ్‌లో 2007 నుంచి రిబ్బన్ వచ్చింది. సొంత టూల్‌బార్లు తేలించే వీలు లేదు, కానీ 'క్విక్ యాక్సెస్ టూల్‌బార్' ఉంది. రిబ్బన్‌లో ఏ బటన్ మీదైనా మౌస్ కుడి బటన్ నొక్కి 'యాడ్ టు క్విక్ యాక్సెస్ టూల్‌బార్' అంటే అక్కడికి చేరుతుంది. దాన్ని రిబ్బన్ కిందికి దింపుకోండి, పేజీకి దగ్గరవుతుంది. తర్వాత కంట్రోల్, ఎఫ్1 నొక్కి రిబ్బన్‌ను ముడిచేయండి. నిలువు చోటు ఎంత దక్కుతుందో మీరే చూస్తారు. ఆల్ట్ కీ నొక్కితే ఆ బటన్ల మీద 1, 2, 3 అని అంకెలు వస్తాయి. ఆల్ట్ నొక్కి 1 కొడితే మొదటి బటన్ నొక్కినట్టే.

ఇంకా కావాలంటే ఫైల్, ఆప్షన్స్, 'కస్టమైజ్ రిబ్బన్'లో 'న్యూ ట్యాబ్' చేసి, మీ పేరు పెట్టి, అందులో గుంపులు చేసుకోవచ్చు. కిందనే ఉన్న 'ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్'తో ఆ అమరికను ఫైలుగా తీసుకోవచ్చు. జూమ్ 10 నుంచి 500 శాతం. వ్యూ ట్యాబ్‌లో 'వన్ పేజ్', 'మల్టిపుల్ పేజెస్', 'పేజ్ విడ్త్' ఉన్నాయి. అక్కడే 'స్ప్లిట్' నొక్కితే ఒకే ఫైలు పైనా కిందా రెండు ముక్కలుగా కనిపిస్తుంది. జూమ్ శాతం ఫైలులోనే దాగుతుంది కాబట్టి వేరేవాళ్లు పంపిన ఫైలు వాళ్ల శాతంలో తెరుచుకోవచ్చు. ఫాంట్ జోలికి పోకండి, జూమ్ మార్చుకోండి.

తారుమారైతే

ఇది మళ్లీ రైటర్ సంగతి. టూల్‌బార్ ఊడి పేజీ మీద తేలుతుంటే కంట్రోల్ నొక్కి దాని పేరు పట్టీ మీద రెండుసార్లు నొక్కండి, అంచుకు అతుక్కుంటుంది. మెనూలు, టూల్‌బార్లు అన్నీ పోయి పేజీ మాత్రమే ఉంటే ఫుల్ స్క్రీన్‌లోకి వెళ్లినట్టు. కంట్రోల్, షిఫ్ట్, జె నొక్కితే మామూలవుతుంది. ఒక టూల్‌బార్ పాడైతే కస్టమైజ్‌లో దాన్ని ఎంచుకొని 'డిఫాల్ట్స్'. ఏం చేసినా కుదరకపోతే హెల్ప్ మెనూలో 'రీస్టార్ట్ ఇన్ సేఫ్ మోడ్' ఉంది. అందులో ఫ్యాక్టరీ సెట్టింగులకు మార్చే దారి ఉంటుంది. అది మీ సొంత టూల్‌బార్లను కూడా తీసేస్తుంది కాబట్టి ముందుగా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్న 'యూజర్' ఫోల్డర్‌తో ప్రయత్నించాకే అటు వెళ్లండి.

ఒకే కంప్యూటర్‌ను పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు వాడుతుంటే విండోస్‌లో ఇద్దరికీ వేర్వేరు లాగిన్లు చేయండి. రైటర్ అమరిక ఎవరి లాగిన్‌లో వాళ్లకే ఉంటుంది. మా దగ్గర సాయంత్రం కూర్చునే అబ్బాయిది ఎడమచేతి వాటం. అతని టూల్‌బార్ నిలువుగా ఎడమ అంచుకు ఉంటుంది. ఐకాన్లు నాకన్నా చిన్నవి, జూమ్ నాకన్నా తక్కువ. పొద్దున నేను వచ్చి నా లాగిన్ తెరిస్తే నావి నాకున్నట్టే ఉంటాయి.